బెజవాడ శిలాస్తంభం: యుద్ధమల్లుని మధ్యాక్కరల్లో మఠం, ప్రోలు, రాజు

విజయవాడ నగరానికి నడిబొడ్డున, కృష్ణానదికి ఉత్తరపు ఒడ్డున నిలిచిన ఇంద్రకీలాద్రి నేడు ప్రధానంగా కనకదుర్గ కొండగా ప్రసిద్ధం. కొండకు ఒక పక్క నది, దాని మీద 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి, మరొక పక్క వన్‌టౌన్ ఇరుకు వీధులు, కొంత దూరంలో రైల్వేస్టేషను. దసరా రోజుల్లో లక్షల మంది ఎక్కి దిగే ఈ కొండ మీద దుర్గామల్లేశ్వరులు కొలువై ఉన్నారు. పేరులో మల్లేశ్వరుడు రెండవవాడైనా, తెలుగు సాహిత్య చరిత్ర దృష్టితో చూస్తే ఈ కొండకు గల ప్రాధాన్యం ఆయన ఆలయంతోనే ముడిపడి ఉంది. క్రీ.శ. 10వ శతాబ్ది తొలి భాగానికి చెందిన యుద్ధమల్లుని తెలుగు పద్యశాసనం గల రాతి స్తంభం లభించింది ఈ మల్లేశ్వరాలయం వద్దనే.

ఈ శాసనం తెలుగు విద్యార్థులకు కొత్తది కాదు. జయంతి రామయ్య పంతులు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 15వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించిన నాటినుండి ప్రాఙ్నన్నయ యుగ చర్చ ఎక్కడ వచ్చినా అద్దంకి తరువోజ, ధర్మవరం సీసం, బెజవాడ మధ్యాక్కరలు అని వరుసగా చెప్పుకోవడం పరిపాటి అయింది. ఆ వరుసలో ఈ శాసనానికి దక్కిన స్థానం ఛందస్సుకు ఉదాహరణగా మాత్రమే. నన్నయకు సుమారు ఒక శతాబ్దం ముందే తెలుగులో దేశిచ్ఛందంలో పద్యం ఉందనడానికి సాక్ష్యంగా దానిని నిలబెట్టి, అక్కడితో వదిలివేస్తున్నాం. శాసనం ఏమి శాసిస్తున్నదన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు ఉండదు. అది శాసించినది ఒక వసతి నియమం: ఒక మఠంలో ఎవరు బస చేయవచ్చు, ఎవరు చేయరాదు అన్నది. ఆ నియమం పద్యంలో, అదీ తెలుగు పద్యంలో ఎందుకు చెప్పవలసి వచ్చిందన్నది ఈ వ్యాస విషయం.

శాసన విషయం

మూలాన్ని ఇక్కడ ఉదాహరించకుండా భావాన్ని మాత్రమే చెబుతాను. శాసనారంభంలో యుద్ధమల్లుని బిరుదాలు ఉన్నాయి. రాజాశ్రయుడు, త్రిభువనాభరణుడు వంటి సంస్కృత బిరుదాల నడుమ అతని వంశనామం మాత్రం ‘సల్కి’ అన్న తద్భవ రూపంలో కనిపిస్తుంది. అదే వంశాన్ని రాగిరేకులు ‘చాళుక్య’ అని సంస్కృతీకరించి వ్రాస్తాయి. బిరుదాల తరువాత అతడు బెజవాడ కుమారస్వామికి భక్తుడై గుడి ఎత్తించిన సంగతి, మఠం తీర్చిన సంగతి వస్తాయి. ఆ వెంటనే, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేకుండా, నిషేధం మొదలవుతుంది. గొరగలు తప్ప ఇతరులు ఆ మఠంలో విడిసి గుంపుగా ఉండరాదు. ఉంటే వారణాసిని ధ్వంసం చేసిన పాపం వారిని పొందుతుంది.

తరువాతి పద్యం ఇంకా నిశితమైనది. ఈ ఒట్టును మీరి అనర్హులు అక్కడ విడిస్తే, ప్రోలిలో ఉన్న తానపతులు, అంటే ఆలయ స్థానాధిపతులు, పట్టం కట్టుకున్న రాజు వారిని వెళ్ళగొట్టాలి. వెళ్ళగొడితే అశ్వమేధ ఫలం. ఉపేక్షిస్తే లింగాన్ని నాశనం చేసిన పాపం. మరొక చోట చేబ్రోలునుండి కుమారస్వామి జాతరకు బెజవాడ వచ్చి, ఇక్కడి స్థలానికి మెచ్చి, ఇంకెక్కడికీ పోక ఇక్కడే ఉండిపోయిన కథ ఉంది. మల్లపరాజు కట్టించిన గుడికి అతని మనుమడు మొగమాడు నిర్మించిన ప్రస్తావన కూడా శాసనంలోనే ఉంది. మొగమాడు అనగా ముఖమండపమని పండితులు అర్థం చెప్పారు. కవి ఎవరో శాసనం చెప్పదు.

విషయ పరిమాణాన్ని బట్టి చూస్తే రాజస్తుతికన్నా, దైవస్తుతికన్నా బరువైనది మఠ నియమమే. అపరాధం, శిక్ష, అధికారి బాధ్యత, ఉపేక్షకు ఫలం అన్నీ అందులో ఉన్నాయి. స్తుతిని పీఠికగా గల ఒక ఉత్తరువుగా ఈ శాసనాన్ని చదవడం నాకు సమంజసంగా తోస్తున్నది.

అప్పటి బెజవాడ

ఈ నియమం ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఆనాటి బెజవాడను ఊహించుకోవాలి. ఇందుకు మనకు దొరికే మొదటి ఆధారం బెజవాడలో లేదు, అద్దంకిలో ఉంది. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని అద్దంకి శాసనం (సుమారు 848) అతని విజయాలను చెబుతూ కందుకూరును బెజవాడ అంతటి దానిని చేశాడని కీర్తిస్తుంది. సైనిక చరిత్రకారులు ఈ మాటను బోయకొట్టముల దండయాత్రలో ఒక మజిలీగా చదివి ముందుకు పోతారు. అలంకార దృష్టితో చూస్తే అది ఒక ఉపమానం, ఉపమానానికి ప్రసిద్ధి కావాలి. 9వ శతాబ్ది నడిమి కాలానికే ఒక పట్నం గొప్పతనాన్ని కొలవడానికి బెజవాడ కొలబద్దగా పనికివచ్చిందన్నమాట. యుద్ధమల్లుని మధ్యాక్కరలకు ఎనిమిది దశాబ్దాల ముందటి స్థితి ఇది.

రెండవ ఆధారం యుద్ధమల్లుని తరువాతి తరానిది. రెండవ అమ్మరాజు (945–970) తాడికొండ శాసనం ‘విజయవాటి’లోని సమస్తభువనాశ్రయ ఆలయాన్ని పేర్కొంటుంది. ఆ ఆలయంతో ముడిపడిన కాళాముఖ ఆచార్యుల పరంపరను, వారి సింహపరిషత్తును వర్ణించి, అక్కడి సత్రానికి దానం చేసిన సంగతి చెబుతుంది. కాపాలిక, కాళాముఖ సంప్రదాయాలపై డేవిడ్ లోరెంజెన్ 1972లో ప్రకటించిన గ్రంథంలో ఈ శాసనాన్ని వివరంగా చర్చించారు. ఆలయాలు, మఠాలు, అన్నసత్రాలు, వాటి మీద అధికారం గల గురుపరంపరలు ఉన్న పట్నం కళ్ళ ముందు నిలుస్తుంది. గొరగలంటే ఎవరన్న ప్రశ్నకు ఈ నేపథ్యమే సమాధానమిస్తుంది. కన్నడంలో గొరవ శబ్దం శైవ యతికి చెల్లింది. బెజవాడ గొరగలు కాళాముఖ శైవులన్న అభిప్రాయం తాడికొండ శాసనంతో కలిపి చదివినప్పుడు బలపడుతుంది.

ఒకే ఊరికి రెండు పేర్లు ఉండడం కూడా ఇక్కడ గమనార్హం. సంస్కృత తామ్రశాసనంలో ‘విజయవాటి’, తెలుగు పద్యశాసనంలో ‘బెజవాడ’. భాష మారితే ఊరి పేరు మారుతున్నది. ఇప్పటి అధికారిక నామం రాగిరేకుల పక్షాన నిలిచింది. బెజవాడ అన్న రూపం జనం నోట, పాత కాగితాల మీద మిగిలింది. కృష్ణమ్మ పారడానికి కొండకు బెజ్జం పడినందువల్ల బెజ్జంవాడ అయిందని చెప్పే కథ నిరుక్తికి నిలవదు గాని, ఊరిని నదీ మార్గంతో ముడిపెట్టి చూసిన జనదృష్టికి మంచి నిదర్శనం.

మూడవ ఆధారం శాసనంలోని జాతర కథ. చేబ్రోలు కృష్ణకు దక్షిణాన, గుంటూరుకు చేరువలో ఉంది. 2019లో భారత పురావస్తు శాఖ వారికి అక్కడ దొరికిన శాతవాహన విజయుని సంస్కృత శాసనం సప్తమాతృకలను పేర్కొనడంతో ఆ ఊరి ప్రాచీనత మరింత వెనక్కు జరిగింది. అక్కడి కుమారస్వామి జాతరకు బెజవాడ రావాలంటే నది దాటాలి. ఆనకట్ట లేని, వంతెన లేని కృష్ణ అది. ఉత్సవమూర్తి, పరివారం, భక్తులు, వ్యాపారులు అంతా ఏటి మీద పడవల్లో దిగే ఊరు బెజవాడ. దిగినవారికి తలదాచుకోవడానికి చోటు కావాలి. జాతర ఊళ్ళో మఠమంత సౌకర్యమైన విడిది మరొకటి ఉండదు.

ఇక్కడే నిషేధపు పదజాలం అర్థవంతమవుతుంది. శాసనం వాడిన క్రియ ‘విడియు’. శాశ్వతంగా నివసించడం కాదు, మజిలీ చేయడం. నేటికీ పెళ్ళిళ్ళలో వినబడే ‘విడిది’ దాని సంతానమే. వచ్చినవారు దిగి, గుంపుగా కూడి, అక్కడే పాతుకుపోవడమే శాసనం చూసిన ప్రమాదం. దేవుడే అతిథిగా వచ్చి ఉండిపోయిన కథను చెప్పిన శాసనం మనుషులు అలా ఉండిపోరాదని ఆంక్షించడంలో గల వైచిత్రి కవికి తెలియకపోలేదు. అది ఉద్దేశపూర్వకమని నిరూపించలేం. అయినా రెండు సంగతులకూ మూలం ఒకటే: బెజవాడకు వచ్చినవారికి తిరిగి పోబుద్ధి కాదు.

ఏడేళ్ళ రాజు

శాసనకర్త యుద్ధమల్లుడు ఎవరన్న విషయంలో చర్చ జరిగింది. తూర్పు చాళుక్యుల్లో ఈ పేరు గలవారు ఒకరికంటె ఎక్కువమంది ఉండడమే చర్చకు కారణం. గుణగ విజయాదిత్యుని తమ్ముడు మొదటి యుద్ధమల్లుడు. అతని కుమారుడు తాళుడు. తాళుని కుమారుడు రెండవ యుద్ధమల్లుడు. గుడి తాత కట్టించగా మనుమడు మొగమాడు చేర్చాడని శాసనం చెప్పడం, తాతను మల్లపరాజనడం ఈ వంశక్రమానికి సరిపోతాయి కనుక శాసనకర్త రెండవ యుద్ధమల్లుడేనన్న నిర్ణయం సాధారణంగా ఆమోదం పొందింది. లిపి కూడా ఇందుకు అడ్డురాదు.

ఈ నిర్ణయాన్ని అంగీకరిస్తే శాసనం ఒక కల్లోల కాలం నడిమికి వచ్చి పడుతుంది. మొదటి అమ్మరాజు మరణం తరువాత వేంగి సింహాసనం నెలల లెక్కన చేతులు మారింది. యుద్ధమల్లుని తండ్రి తాళుడు నిండా ఒక నెల పాలించాడు. తరువాత రెండవ విక్రమాదిత్యుడు పదకొండు నెలలు. కొద్దికాలానికి రాష్ట్రకూటుల అండతో యుద్ధమల్లుడు వచ్చి ఏడేళ్ళు నిలిచాడు. అతనిని తొలగించి రెండవ చాళుక్య భీముడు సుమారు 934లో రాజయ్యాడు. ఆ శాఖ వారి రాగిరేకులు యుద్ధమల్లుని ఏడేళ్ళను అరాచకంగా, పరుల పెత్తనంగా చిత్రిస్తాయి. మనకు తెలిసిన రాజకీయ చరిత్ర ప్రధానంగా ఈ విజేతల సంస్కృత ప్రశస్తుల నుండి నిర్మించినదే. నేలటూరి వెంకటరమణయ్య 1950లో ప్రకటించిన వేంగి చాళుక్య చరిత్రకూ ఆ రేకులే వెన్నెముక.

ఓడినవాని మాట తెలుగులో, రాతి మీద, ఒక ఊళ్ళో మిగిలింది. ఈ వాస్తవాన్ని అతిశయోక్తిగా మార్చి యుద్ధమల్లుని తెలుగు భాషాభిమానిగా నిలబెట్టడం తగదు. అతని సంస్కృత శాసనాలు మరికొన్ని ఉండి నశించి ఉండవచ్చు. మనం చెప్పదగినది ఇంత మాత్రమే: అతని రాజ్యాధికారం ఎంత అస్థిరమైనదైనా, బెజవాడలో అతనికి తాతనాటి నుండి వచ్చిన పలుకుబడి ఉంది. ఆ గుడి కుటుంబపు గుడి. మొగమాడు చేర్చడం వారసత్వ ప్రకటన.

దీనితో ‘పట్టం కట్టుకున్న రాజు’ అన్న నిర్దేశం కొత్త అర్థం సంతరించుకుంటుంది. శాసనం తానపతులతో పాటు రాజును కూడా బాధ్యుని చేసింది. ఆ రాజుకు పేరు లేదు. మూడు వందల అరవై రోజులు నిలిచినా గొప్ప అనుకునే సింహాసనం మీద కూర్చున్నవాడు ఆ పద్యంలో తన పేరు వ్రాయించుకుంటే అది తనతోనే చెల్లిపోతుంది. పేరు లేకుండా పట్టం మీద ఎవరుంటే వారేనంటే, తనను పడగొట్టి వచ్చినవాడు కూడా ఆ ఒట్టులో ఇరుక్కుంటాడు. వచ్చేవాడు శత్రువు కావచ్చునని తెలిసిన రాజు వ్రాయించిన మాట ఇది అని నా ఊహ. సామాన్యంగా దానశాసనాల చివర వచ్చే భావి రాజులకు ప్రార్థన ఇక్కడ ప్రార్థనగా లేదు, విధిగా ఉంది. ఫలం, పాపం రెండూ రాజు కళ్ళ ముందు పెట్టి ఎంచుకోమంటున్నది.

ఆ తరువాత అమ్మరాజు కాలంలోనూ బెజవాడ కాళాముఖుల ప్రాబల్యం చెక్కుచెదరలేదని తాడికొండ శాసనం వల్ల తెలుస్తున్నది. అది యుద్ధమల్లుని ప్రత్యర్థి శాఖ ఇచ్చిన శాసనమన్నది మరువరాదు. రాజవంశపు శాఖల మధ్య కత్తులు దూసినా గురుపరంపరల విషయంలో ఉభయులూ ఒక దారినే నడిచారు.

ఉత్తరువుకు పద్యమెందుకు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. శాసన రక్షణ కోసం పాపభీతి కల్పించడం కొత్త సంగతి కాదు. రెండు సంప్రదాయాలు అప్పటికే స్థిరపడి ఉన్నాయి. ఒకటి సంస్కృత తామ్రశాసనాల చివర వచ్చే శాపశ్లోకాలు. అవి ఏ శాసనంలోనైనా ఒకటే. ఊరు మారినా, దాత మారినా, దానం మారినా ఆ శ్లోకాలు మారవు. అందువల్ల అవి ఎవరినీ ప్రత్యేకించి భయపెట్టలేవు, ముద్ర వంటివి. రెండవది రేనాటి చోళుల కాలం (6, 7 శతాబ్దులు) నుండి తెలుగు గద్యశాసనాల్లో కనిపించే శాపవాక్యాలు. దీనిని చెరిచినవాడు మహాపాతకుడని, వారణాసిలో పాపం చేసినవాడని అచ్చమైన వాడుక మాటల్లో చెప్పడం వాటి తీరు. ఇవి సూటిగా ఉంటాయి గాని గద్యం కనుక ఒక మాట అటు ఇటు అయినా అడిగేవారుండరు.

బెజవాడ శాసనం ఈ రెండింటినీ కలిపింది. గద్యశాసనాల్లోని వారణాసి శాపాన్ని తీసుకున్నది. శ్లోకానికుండే కట్టుదిట్టాన్ని తీసుకున్నది. స్థానికమైన విధిని, ఆ మఠానికి మాత్రమే వర్తించే విధిని, అందులో పొదిగింది. అద్దంకి శాసనంతో పోలిస్తే భేదం స్పష్టమవుతుంది. అక్కడ సేనాని వీరగాథను తరువోజ మోస్తుంది, దానపు వివరాలను గద్యం మోస్తుంది. కీర్తికి పద్యం, వ్యవహారానికి వచనం అని పని విభజన ఉంది. బెజవాడలో ఆ విభజన లేదు. వ్యవహారం సహితం పద్యంలోనే నడిచింది. ఈ మార్పును ఛందశ్చరిత్రలో గుర్తించినంతగా శాసన చరిత్రలో గుర్తించలేదు.

మధ్యాక్కర నడకను ఒకసారి చూస్తే పద్యం చేసిన పని ఏమిటో తెలుస్తుంది. పాదానికి రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్ళీ రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. పాదం రెండు సమభాగాలుగా తూగుతుంది. నాలుగు పాదాలకూ ప్రాస నియమం ఉంది. యతి అయిదవ గణం మొదటి అక్షరం మీద పడుతుంది. బెజవాడ శాసనంలోనూ, తరువాత నన్నయలోనూ యతి స్థానం ఇదే. ఎర్రన నాటికి అది నాలుగవ గణానికి జరిగింది. ఇన్ని కట్టుబాట్ల నడుమ ఒక మాట తీసివేసి మరొక మాట పెట్టడం కష్టం. ‘గొరగలు గాక’ అన్నచోట గొరగలను తొలగించి మరొక వర్గం పేరు పెట్టాలంటే ఆ పాదపు ప్రాస పోతుంది, దానితో పద్యమంతా చెడుతుంది. ప్రాసస్థానంలో ఉన్న రేఫ ఆ మఠం తలుపుకు గడియ. గద్యంలో వ్రాసి ఉంటే ఒక శిల్పి ఉలితో కొద్ది అక్షరాలు మార్చి హక్కును మరొకరికి కట్టబెట్టవచ్చు. ఇక్కడ ఆ మార్పు చెవికి వెంటనే దొరికిపోతుంది.

చెవికి అంటున్నాను, కంటికి కాదు. శాసనం చదవగలవారు ఆ ఊళ్ళో కొద్దిమంది. వినగలవారు అందరూ. తానపతులు, గొరగలు, జాతరకు వచ్చినవారు, వీరందరికీ ఒకే రూపంలో చేరాలంటే ధారణకు నిలిచే రూపం కావాలి. దేశిచ్ఛందం అలాంటిది. సంస్కృత శ్లోకమైతే అది పండితుని నోట మాత్రమే నిలుస్తుంది. తెలుగు అక్కర ఊరి నోట నిలుస్తుంది. ఇది అనుమాన ప్రమాణం మీద చెప్పే మాటే గాని, శాసనం ప్రోలిలోని తానపతులను పేర్కొన్న తీరు ఈ అనుమానాన్ని సమర్థిస్తుంది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. పద్యం గౌరవచిహ్నం మాత్రమేనని, మఠ నియమం అందులోకి చేరడం యాదృచ్ఛికమని వాదించవచ్చు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనం ఇందుకు అనుకూలంగా కనిపిస్తుంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ పద్యాలున్న ఆ శాసనంలో తెలుగు కందాలు ప్రధానంగా కీర్తిపరమైనవి. కాని అక్కడ కవి కుటుంబం ఉంది, మూడు భాషల్లో ప్రావీణ్యం చూపాలన్న ఉత్సాహం ఉంది. బెజవాడలో ఆ ఉత్సాహం కనబడదు. బిరుదాల పద్యం తప్పించి మిగిలిన పద్యాల్లో అలంకారం దాదాపు లేదు. క్రియలు దట్టంగా ఉన్నాయి: ఎత్తించు, తీర్చు, విడియు, వెల్వరించు, ఉపేక్షించు. కీర్తి కోసం వ్రాసిన పద్యం ఇంత పొడిగా ఉండదు. కొందరు దీనిని కవితాలోపంగా భావిస్తారు. పొడిదనమే ఆ పద్యాల గుణమని నా అభిప్రాయం.

అక్కరలు తెలుగు, కన్నడాలకు ఉమ్మడి సొత్తు. 10వ శతాబ్ది చివరి నాగవర్ముని ఛందోంబుధి కన్నడ అక్కర భేదాలను చెబుతుంది. గొరవ శబ్దం కన్నడ దేశంలో విరివిగా కనిపించేది. యుద్ధమల్లునికి అండ రాష్ట్రకూటులు. ఈ మూడింటినీ గుదిగుచ్చి బెజవాడ మధ్యాక్కర కన్నడ ప్రభావ ఫలితమని సిద్ధాంతీకరించడానికి మనసు తొందరపడుతుంది. అద్దంకి తరువోజ అంతకు ముందే ఉన్నందున దేశిచ్ఛందాన్ని శిలాశాసనానికి తేవడానికి వేంగి వారికి పరుల పాఠం అక్కరలేదు. శైవ గురువుల రాకపోకలు ఉభయ దేశాల మధ్య ఉన్నాయన్నంత వరకే ఈ సాక్ష్యం చెబుతుంది.

సంకలనంలోకి వచ్చిన స్తంభం

జయంతి రామయ్య పంతులు ఈ శాసనాన్ని ప్రకటించడమే కాక శాసనాల్లోని పద్యాలను ఏరి ‘శాసన పద్య మంజరి’గా కూర్చారు. తెలుగు సాహిత్య చరిత్రకు ఆ గ్రంథం చేసిన ఉపకారం ఎంత చెప్పినా తక్కువే. మంజరి అన్న పేరులోనే ఒక దృష్టి ఉంది. చెట్టు నుండి పూలగుత్తిని కోసి తెచ్చినట్లు శిల నుండి పద్యాన్ని కోసి తేవడం. బెజవాడ శాసనం ఆద్యంతం పద్యమే కనుక ఇక్కడ కోతకు గురైనది అక్షరం కాదు, సందర్భం. స్తంభం నుండి పుటకు రాగానే తానపతులు, మఠం, రేవు, జాతర వెనక్కు తగ్గి గణాలు, యతులు ముందుకు వచ్చాయి. బూదరాజు రాధాకృష్ణ గద్యపద్యాలు రెండింటినీ కలిపి ప్రాచీనాంధ్ర శాసనాలను సంకలనం చేసిన తరువాత కూడా సాహిత్య చరిత్రల్లో మంజరి దృష్టే కొనసాగింది.

ఇందులో ఒక చిన్న విశేషం ఉంది. గ్రాంథిక భాషా పక్షానికి నాయకత్వం వహించిన పండితుని చేతుల మీదుగానే, కావ్యభాషకు లక్షణాలు స్థిరపడక మునుపటి ఈ తెలుగు వెలుగులోకి వచ్చింది. ‘సల్కి’, ‘తానపతి’, ‘బెజవాడ’ వంటి జనవ్యవహార రూపాలు రాజశాసనంలో, ఛందోబద్ధమై, ఏ సంకోచమూ లేకుండా నిలిచి ఉన్నాయి. స్థానపతి అనడానికి ఆ కవికి ఛందస్సు అడ్డుపడి ఉంటుందనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే ఇతర చోట్ల సంస్కృత సమాసాలను అతడు సులువుగానే పొదిగాడు. రాజు బిరుదాలకు సంస్కృతం, ఊరి అధికారికి ఊరి మాట.

మధ్యాక్కరను నన్నయ భారతంలో వాడాడు. ఆ తరువాత దాని వాడుక పలచబడింది. 20వ శతాబ్దిలో దానిని మళ్ళీ విరివిగా వాడినవారు విశ్వనాథ సత్యనారాయణ. ‘విశ్వనాథ మధ్యాక్కఱలు’కు 1962లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానం లభించింది. విజయవాడలో స్థిరపడిన కవి, విజయవాడ కొండ మీది శాసనపు ఛందస్సులో, వేయేళ్ళ తరువాత శతకాలు వ్రాశారు. రెండింటి నడుమ ప్రత్యక్ష సంబంధం ఉందని చెప్పడానికి ఆధారం లేదు, విశ్వనాథకు నన్నయే గురువు. కాని ఛందస్సు చేసిన పని ఎంత మారిందో చూడడానికి ఈ జంట ఉపకరిస్తుంది. విశ్వనాథ మధ్యాక్కరలో భక్తుడు దేవునితో మాట్లాడుతాడు. యుద్ధమల్లుని మధ్యాక్కరలో దేవుని పేరిట రాజు మనుషులతో మాట్లాడుతాడు.

మల్లేశ్వరాలయ పరిసరాల్లో తరువాతి శతాబ్దాల దానశాసనాలు అనేకం ఉన్నాయి. అఖండదీపాలకు, గొర్రెలకు, నేలకు సంబంధించిన ఆ వచన శాసనాల్లో పద్యంతో పని పడలేదు. బెజవాడ భక్తి కుమారస్వామి నుండి మల్లేశ్వర, దుర్గల వైపు మళ్ళిన క్రమాన్ని వాటి ఆధారంగా వేరుగా పరిశీలించవలసి ఉంది. గొరగలు ఎన్ని తరాలు ఆ మఠంలో ఉన్నారో, వారిని వెళ్ళగొట్టినవారెవరో శాసనాలు చెప్పవు. మల్లపరాజు గుడి, మనుమడు చేర్చిన మొగమాడు, మఠం మూడింటిలో ఏదీ నేడు ఇదీ అని గుర్తించడానికి నిలిచి లేదు. వాటిలోకి ఎవరు రాకూడదో చెప్పిన స్తంభం మాత్రం మిగిలింది.